జపాను గదిలో వంతు

నత్తలపేట ఒడ్డున ఒక సిమెంటు గది ఉంది. ఆరు మూలలు, మూరెడు మందం గోడలు. సముద్రం వైపు మూడు సన్నటి చీలికలు, ఊరి వైపు నడుం వంచి దూరాల్సిన ఒక గుమ్మం. జపానువాళ్లు పడవల్లో వచ్చి దిగిపోతారని ఇంగ్లీషువాళ్లు భయపడిన ఏడాది దాన్ని కట్టారు. కట్టించింది ఇంగ్లీషువాళ్లు. ఇసకా కంకరా మోసింది నత్తలపేట వాళ్లు. పేరు మాత్రం ఒక్కనాడూ ఇటు తొంగి చూడని జపానువాడికి పోయింది. ఊరంతా దాన్ని జపాను గది అంటుంది. పని చేసినవాడికి పేరు రాకపోవడం మా ఊళ్లో అప్పటికే అలవాటు.

ఏటేటా ఒడ్డు కోసుకుపోయి ఇప్పుడా గది సరుగుడు తోట వదిలేసి ఇసకలోకి దిగింది. కాస్త సముద్రం వైపు ఒరిగింది కూడా. రెండేళ్ల కిందట శ్రీకాకుళం నుంచి టీవీవాళ్లు వచ్చి, దాని ముందు నిలబడి "చరిత్రకు మూగసాక్షి" అని చెప్పి, లోపలికి మాత్రం దూరకుండా కొబ్బరిబొండాలు తాగి వెళ్లారు. మూగసాక్షి అన్నమాట విని ఊళ్లోవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఎందుకంటే ఆ గది మాట్లాడుతుంది. ఒకటే మాట. వెలుగు తగ్గే వేళ దాని పక్కగా నడిస్తే, లోపల నుంచి, పెద్దగా కాదు, పక్కన కూర్చున్న మనిషి అడిగినట్టు అడుగుతుంది.

"వంతు ఎవరిది?"

నత్తలపేట మగవాళ్లకి ఆ ప్రశ్న బాగా తెలుసు. ఒడ్డున నిలబడి లాగే పెద్దవల వెయ్యడానికి రాళ్లు లేని చోటు మా ఊరికి ఒక్కటే. అందుకని రోజుకో ఇంటికి వంతు. తెల్లారగట్ల వల పెద్ద ఒడ్డున నిలబడి "వంతు ఎవరిది?" అని అడుగుతాడు. "నాది" అన్నవాడిది ఆ రోజు సముద్రం. ఒకసారి నాది అన్నాక వెనక్కి తీసుకోవడం లేదు. వల పెద్ద మళ్లీ నోరు తెరిచి "వల ఒడ్డుకి" అనేదాకా వాడు ఆ చోటు వదలకూడదు. జ్వరం కాచినా సరే, పెళ్లాం నొప్పులు పడుతున్నా సరే.

యుద్ధం ఏడాది గదిలో కాపలాకి మనుషులు కావాలని ఒక సుబేదారు వచ్చాడట. జీతం ఇస్తానన్నాడు, తుపాకీ చూపించాడు, బతిమాలాడు కూడా. ఎవరూ కదల్లేదు. చివరికి అప్పటి వల పెద్ద ఇంటికో మనిషి చొప్పున వంతులు వేసి పిలిస్తే మారుమాట లేకుండా వెళ్లారు. గదిలో కూర్చుని సముద్రం చూస్తూ ఉండడం, తర్వాతివాడు వచ్చి "నాది" అన్నాక లేచి ఇంటికి రావడం. అంతే పని. ఆ వేసవిలో విశాఖ మీద బాంబులు పడ్డాయని కబురు వచ్చిన సాయంత్రం, ఊరంతా కుండలూ కోళ్లూ నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్లకి పరుగెత్తింది. పెద్ద హోదా కాబట్టి సుబేదారు అందరికంటే ముందు పరుగెత్తాడు. గదిలో ఉన్న మనిషికి చెప్పడం ఎవరికీ గుర్తురాలేదు.

పది రోజుల తర్వాత తిరిగి వచ్చేసరికి గది గుమ్మం ఇసకతో పూడుకుపోయి ఉంది. తవ్వి చూస్తే లోపల మనిషి లేడు.

ఆ మనిషి ఎవరింటివాడు, అతన్ని దింపడానికి వెళ్లాల్సిన వంతు ఎవరిది అని అడగండి. ఎవరినడిగినా పక్కింటి వాళ్లదంటారు. పక్కింటికి వెళ్తే వాళ్లు ఆ పక్కిల్లు చూపిస్తారు. అలా ఊరు మొత్తం తిరిగి, కాళ్లు నొప్పులు పుట్టి, మళ్లీ మొదటి ఇంటి అరుగు మీదే కూర్చుంటాం.

ఇదంతా మగవాళ్ల బాధ. ఆడవాళ్లకి పెద్దవలలో వంతు లేదు. వలలు బాగుచేసేది వాళ్లే, చేప ఎండబెట్టేది వాళ్లే, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముకొచ్చేదీ వాళ్లే. వంతు మాత్రం లేదు. కాబట్టి గది అడిగే ప్రశ్న వాళ్లని కాదు. ఈ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకున్న మనిషి ఊళ్లో ఒక్కతే, బుల్లమ్మ.

బుల్లమ్మ ఆ గది కప్పు మీద నెత్తళ్లు, వేలెడంత చేపలు, ఎండబెడుతుంది. కప్పు పెనంలా కాలుతుంది, ఇసక అంటదు, కుక్కలు ఎక్కలేవు. అరవై దాటినా నిచ్చెన వేసుకుని కోతిపిల్లలా ఎక్కుతుంది. నిప్పు లోపలికి తిప్పి పీల్చే అడ్డపొగ చుట్ట ఎప్పుడూ నోట్లో ఉంటుంది. నిప్పు నోటి లోపల కాబట్టి సముద్రపు గాలికి ఆరదు, ఎవరికీ కనపడదు. సాయంత్రం గది తన ప్రశ్న తాను అడిగితే, గంప సర్దుకుంటూ ఆవిడ కూడా తన జవాబు తాను చెబుతుంది.

"వంతు ఎవరిదో నాకేటి తెలుసు నాయినా. నెత్తళ్లు మాత్రం నావి."

బుల్లమ్మ మొగుడు అసిరయ్య. నలభై ఏళ్ల కాపురంలో ఏ విషయంలోనూ ముందు నోరు తెరిచిన మనిషి కాదు. వెనక తెరిచినట్టు కూడా దాఖలా లేదు. పంతొమ్మిది రోజులకి ఒకసారి వచ్చే పెద్దవల వంతు మీద మాత్రం అతనికి ప్రాణం. ఆ పూట ఒడ్డున నిలబడి "నాది" అంటున్నప్పుడు తప్ప అసిరయ్య గొంతు ఎలా ఉంటుందో ఊళ్లో సగం మందికి తెలియదు.

పోయిన నవంబరులో తుఫాను వచ్చిన రోజు, వంతు అసిరయ్యదే.

తుఫానుకి ఏదో పేరు పెట్టారు. ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. పొద్దున్నే ఆటోకి మైకు కట్టుకుని వచ్చి, సాయంత్రంలోగా అందరూ తుఫాను భవనానికి వెళ్లిపోవాలని అరిచి పోయారు. వల పెద్ద సూర్యారావు ఒడ్డుకే రాలేదు. అసిరయ్య వచ్చాడు. ఒక్కడే చాలాసేపు నిలబడి, ఎవరూ ఏమీ అడక్కపోవడంతో ఇంటికి తిరిగొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"ఇయ్యాల నాది," అన్నాడు.

"తుఫానులో వలేటి, కూకో," అంది బుల్లమ్మ.

"నాదే కదా," అన్నాడు మళ్లీ. అన్నం తింటూ ఒకసారి, చెయ్యి కడుక్కుంటూ ఒకసారి అన్నాడు. అసిరయ్య ఒకే రోజు నాలుగుసార్లు మాట్లాడడం చూసి పక్కింటి బుజ్జమ్మ గోడ మీంచి తొంగి చూసి, జ్వరమేమో చూసుకోమంది.

మధ్యాహ్నం రెండింటికి బుల్లమ్మకి గది మీద నెత్తళ్లు గుర్తొచ్చాయి. తను ఇంటి కప్పు మీద తాళ్లు బిగిస్తోంది. కోళ్లు ఇంకా బుట్టలోకి రాలేదు. "వాన రాకముందే ఎల్లి ఆ నెత్తళ్లు గోనెల్లోకి ఎత్తీసి తీసుకొచ్చీయ్," అంది మొగుడితో. "గదిలోకి మాత్రం దూరకు."

"దూరను."

"అడిగితే పలకకు."

"నాను ఎప్పుడు పలికేను?"

అదీ నిజమే కదా అని పంపించింది. ఆ తర్వాత ఆవిడ తనని తాను తిట్టుకున్న తిట్లన్నీ ఈ ఒక్క పని గురించే.

మూడు దాటింది. అసిరయ్య రాలేదు. బుజ్జమ్మ ఇంటివాళ్లు మనవరాలిని నడిపించి, టీవీని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని వెళ్లిపోయారు. వీధి ఖాళీ అయింది. మూడున్నరకి వాన మొదలైంది. మామూలు వాన కాదు, అడ్డంగా, చెంప మీద కొట్టినట్టు. పగలే చీకటి పడిపోయింది. బుల్లమ్మ చూరు కింద నిలబడి మొగుడికి ఫోను చేసింది.

ఎత్తాడు.

ముందు ఆవిడకి తెలిసింది అవతల గాలి లేదని. ఇక్కడ రేకులు ఎగిరిపోతున్నాయి, కొబ్బరిచెట్లు ఊడిపోయేట్టు ఊగుతున్నాయి. ఫోనులో అవతల ఏ చప్పుడూ లేదు. మూత బిగించిన డబ్బాలా ఉంది.

"ఎక్కడున్నావు?"

"మెల్లగా మాటాడు." అసిరయ్య గుసగుసగా అన్నాడు. "కాపలాలో ఉన్నాను."

"ఏ కాపలా?"

"అడిగినాడు. నాదన్నాను. నాదే కదేటి ఇయ్యాల..."

ఫోను ఆగిపోయింది. మళ్లీ కలవలేదు. సిగ్నలు గీతలన్నీ పోయాయి.

బుల్లమ్మ కోళ్లబుట్ట అక్కడే వదిలేసి వీధిలోకి దిగింది. మలుపులో సూర్యారావు కనిపించాడు. నెత్తిన ఎరువుల సంచి కప్పుకుని, భవనం వైపు, తన వయసుకి మించిన వేగంతో వెళుతున్నాడు.

"మావా, ఆగు. మా ఆయన నోరు జారినాడు. గదిలో ఉన్నాడు."

సూర్యారావు ఆగాడు. ఆగాడంటే ఆగాల్సి వచ్చింది, సంచి కొస బుల్లమ్మ చేతిలో ఉంది.

"నువ్వొచ్చి వల ఒడ్డుకి అని ఒక్క మాట అనీయ్. సముద్రం పొంగితే గది మునిగిపోతాది. ఆడు కదలడు, నీకు తెలుసు. నాది అన్నాక కదిలే మనిషి కాదు."

"మోకాలు పట్టీసిందే బుల్లమ్మా."

"భవనంలో పులిహోర పెడతన్నారంటే బాగానే నడుస్తన్నాదే నీ మోకాలు."

సూర్యారావు వానలోకి చూశాడు. మొహం తుడుచుకున్నాడు. తుడుచుకునేకొద్దీ తడుస్తూనే ఉంది. "నాను అంటే ఆ అడిగేవోడు నమ్మడే," అన్నాడు చివరికి. "ఆ మాట అప్పటి వల పెద్ద, మా తాత, అనాల. అనకుండా ఒచ్చీసినాడు."

ఎనభై ఏళ్లుగా పక్కింటి నుంచి పక్కింటికి తిరుగుతున్న సంగతి ఆ రోజు నడివీధిలో, ఎరువుల సంచి కింద ఆగింది. ఆ మాట అన్నాక సూర్యారావు ఇంకాస్త పొట్టిగా అయినట్టు కనిపించాడు.

"అయితే నాను అంటాను," అంది బుల్లమ్మ.

"ఆడది అంటే పని సెయ్యదు."

"ఎవులైనా అని సూసినారేటి?"

సూర్యారావు సంచి లాక్కోబోయాడు. బుల్లమ్మ సంచి కొస వదిలేసింది. అతను భవనం వైపు పోయాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చుట్ట నిప్పు లోపలికి తిప్పి బిగించి, సముద్రం వైపు నడిచింది.

సరుగుడు తోట దాటేసరికి ఒడ్డు కనపడలేదు. నీళ్లకీ ఆకాశానికీ తేడా లేదు, రెండూ మసిగుడ్డ రంగులో ఉన్నాయి. నురగ తెట్టెలు తెట్టెలుగా ఎగిరొచ్చి ఆవిడ కాళ్లకి చుట్టుకుంటోంది. చెట్లు నేలకి తలలు కొట్టుకుంటున్నాయి. వాసన మాత్రం వింతగా ఉంది. వాన వాసన కాదు, ఉప్పు వాసన కాదు. తుప్పు పట్టిన ఇనుమూ కిరసనాయిలూ కలిసినట్టు, ఎవరో చాలా రోజులుగా స్నానం చెయ్యని మనిషి దగ్గరగా నిలబడినట్టు.

గది గుమ్మం దాకా అల వచ్చి వెనక్కి పోతోంది. కప్పు మీద ఒక్క చేప కూడా లేదు. నిచ్చెన పక్కన అసిరయ్య చెప్పులు, జతగా, ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఉన్నాయి. అసిరయ్య జన్మలో చెప్పులు జతగా విడవలేదు.

బుల్లమ్మ నడుం వంచింది. లోపలికి దూరింది.

గాలి ఆగిపోయింది.

తగ్గడం కాదు... ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం బయట వాన పడుతూనే ఉంది. చప్పుడు లేదు. గదిలో నేల పొడిగా ఉంది. ఆవిడ చీర నుంచి కారే నీళ్ల చుక్కలు ఒక్కొక్కటీ వినపడుతున్నాయి. ఫోను టార్చి వేసింది.

చీలికల కింద తన గోనెలు పేర్చి ఉన్నాయి. నెత్తళ్ల గోనెలు. ఒకదాని మీద ఒకటి, మధ్యలో సందు లేకుండా, మిలట్రీవాళ్లు ఇసక మూటలు పేర్చినట్టు. వాటి వెనక అసిరయ్య మోకాళ్ల మీద కూర్చుని, నడి చీలికకి కళ్లు ఆనించి, బయటికి చూస్తున్నాడు. తిరగలేదు.

"దీపం ఆర్పు," అన్నాడు. "నీటి మీదకి కనిపిస్తాది."

బుల్లమ్మ ఆర్పేసింది. భయపడి కాదు, ఛార్జింగు ఎనిమిదే ఉంది. చుట్ట నిప్పు నోటి లోపలే ఉంది, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు.

"లెగు," అంది. "సముద్రం గుమ్మంలోకి ఒచ్చీసింది. బేగి లెగు."

"వంతు మారాల."

"ఏ వంతు? తుఫాను వస్తన్నాది, బయట సూడు."

"నువ్వు సూడు," అన్నాడు అసిరయ్య.

పక్క చీలికలోంచి చూసింది. చూడకుండా ఉండాల్సింది.

బయట తుఫాను లేదు. సముద్రం నూనె పోసినట్టు నిమ్మళంగా ఉంది. ఆకాశం నిండా చుక్కలు. దూరంగా, నీళ్లూ ఆకాశమూ కలిసే చోట, నల్లటి ఆకారాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదానికీ దీపం లేదు. వాటి పక్కలనుంచి చిన్న చిన్న నలుపులు కిందికి జారుతున్నాయి... నీళ్లు తాకుతున్నాయి... ఒడ్డు వైపు వస్తున్నాయి. చప్పుడు లేకుండా. తెడ్డు పడ్డ చోట నీళ్లు చెదరకుండా.

"సూసినావా," అన్నాడు అసిరయ్య. "పడవలు దింపుతన్నారు."

బుల్లమ్మ చీలిక నుంచి మొహం తిప్పేసుకుంది. రెండోసారి చూడలేదు. "దిగనీ," అంది. "దిగినాక కాళ్లు కడుక్కుని రమ్మను. నువ్వు లెగు."

మొగుడి జబ్బ పట్టుకుని లాగింది. కదల్లేదు. చెయ్యి పట్టుకుంటే మనిషి చెయ్యిలా లేదు, గోడలో పాతిన ఇనప కడ్డీలా ఉంది. రెండు చేతులా లాగింది. కాలు గోడకి తన్నిపెట్టి లాగింది.

అప్పుడు అడిగింది. అసిరయ్య కాదు. ఆవిడ వెనక నుంచి, చెవి పక్క నుంచి, ఊపిరి తగిలేంత దగ్గరగా...

"వంతు ఎవరిది?"

బుల్లమ్మ ఇన్నేళ్లుగా ఆ గొంతు కప్పు మీద నుంచే విన్నది. లోపల వింటే వేరుగా ఉంది. కోపం లేదు అందులో. చాలా అలసట ఉంది. చాలా ఓపిక ఉంది. ఓపికే భయంగా ఉంది.

చీకట్లో అసిరయ్య పెదాలు విడిపోవడం వినపడింది. "నా..."

ఆవిడ అరచేత్తో మొగుడి నోరు మూసేసింది. ఐసు పెట్టెలోంచి తీసిన చేపలా చల్లగా ఉంది ఆ నోరు. ఇంకోసారి అంటే ఏమవుతుందో ఆవిడకి తెలియదు. తెలుసుకోవాలని లేదు.

"నాది," అంది బుల్లమ్మ.

చెయ్యి తియ్యకుండానే మళ్లీ, ఇంకాస్త గట్టిగా అంది.

"నాది. ఇన్నావా? ఆడ్ని ఒగ్గీయ్. ఈ వంతు నాది."

గది, అక్కడ ఆవిడ లేనట్టే, అదే ఓపికతో, మళ్లీ అడిగింది.

"వంతు ఎవరిది?"

ఎనభై ఏళ్లయినా ఆడదాని మాట వాడి చెవికెక్కలేదు. బుల్లమ్మకి అప్పటిదాకా ఉన్న భయం ఎటుపోయిందో, ఒళ్లు మండిపోయింది.

"ఓహో," అంది చీకట్లోకి తిరిగి. "నీకూ కనపడలేదా నాను? నీ వల అల్లింది ఎవులు? నువ్వు తిన్న సద్ది ఎవులు మోసుకొచ్చినారు? మీ అమ్మకి వంతు లేదు, మీ పెళ్లానికి వంతు లేదు. వంతున్నోల్లు అందరూ ఏటి సేసినారు? నిన్ను ఇక్కడ ఒగ్గీసి కోడిని కూడా మర్సిపోకుండా ఎత్తుకుపోనారు. ఆల్లు రారు. ఆల్ల మనవలూ రారు, మోకాళ్లు నొప్పులంట. వచ్చిందాన్ని నానే. నాను సెప్తన్నాను, ఇను."

ఊపిరి తీసుకుంది. తెల్లారగట్ల సూర్యారావు పిలిచే పిలుపు ఎలా ఉంటుందో అలాగే, పొట్టలోంచి తెచ్చి అరిచింది.

"వల ఒడ్డుకి..."

గొంతు గోడలకి తగిలి తిరిగి రాలేదు. గోడలు మింగేశాయి.

"వల ఒడ్డుకి..."

పై గోనె ఒకటి జారి కింద పడింది. నెత్తళ్లు గలగలా నేల మీద పోయాయి. అరచేతి కింద అసిరయ్య నోరు వణికింది.

మూడోసారి అరిచేముందు బుల్లమ్మ ఒక పని చేసింది. ఎందుకు చేసిందో తర్వాత అడిగితే చెప్పలేదు. చీకట్లోకి చెయ్యి చాచి, అక్కడ ఎవరో ఉన్నట్టే, భుజం ఉండాల్సిన చోట తట్టింది. "అయిపోనాది నాయినా," అంది. "అందరూ ఇంటికెళ్లిపోనారు. వల ఒడ్డుకి."

ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. ఒక మనిషిది కాదు. వల లాగి లాగి, తాడు ఒక్కసారి వదిలేసినప్పుడు గుంపంతా వదిలే ఊపిరి. ఆరు మూలల నుంచీ.

మరుక్షణం తుఫాను చప్పుడంతా ఒక్కసారి లోపల పడింది. గుమ్మంలోంచి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి. చీకట్లో అసిరయ్య మణికట్టు దొరికింది. లాగింది. ఈసారి ఖాళీ గంపలా తేలిగ్గా వచ్చాడు. ఇద్దరూ గుమ్మంలోంచి పాకి బయట పడ్డారు. నాలుగడుగులు వేశారో లేదో పెద్ద అల వచ్చి గది మీంచి దాటింది. గోనెలన్నీ పోయాయి. సముద్రంలోంచి వచ్చినవే కదా, సముద్రంలోకే పోయాయి అనుకుంది బుల్లమ్మ. అనుకోవడానికి బాగానే ఉంటుంది. ఎండబెట్టినప్పుడు నడుం నొప్పి ఎవరిదో సముద్రానికి తెలియదు.

తుఫాను భవనం దాకా మైలు పైనే. వాన ఎదురు కొడుతోంది. దారి పొడుగునా బుల్లమ్మ మొగుణ్ని తిడుతూనే ఉంది. పలకొద్దంటే ఎందుకు పలికావని, నలభై ఏళ్లలో పలకమన్నప్పుడు ఒక్కసారి పలికావా అని. అసిరయ్య ఒక్క మాటా అనలేదు. అతను మామూలుగా ఉన్నాడని ఆవిడకి అంతకంటే రుజువు అక్కర్లేదు. వెనక్కి తిరిగి చూడలేదు. మణికట్టు మాత్రం వదల్లేదు.

భవనం తలుపు దగ్గర గ్రామ సచివాలయం నుంచి వచ్చిన కుసుమకుమారి కుర్చీలో కూర్చుని రిజిస్టరు రాస్తోంది. లోపల జనరేటరు వెలుగు, తడిసిన దుప్పట్ల వాసన, పులిహోర వాసన, ఎవరి పిల్లో ఏడుపు.

"రాసుకో అమ్మా," అంది బుల్లమ్మ రొప్పుతూ. "బుల్లమ్మ, అసిరయ్య. మావిద్దరవే ఆకర్న."

కుసుమకుమారి వేలితో గీత కిందికి లాగింది. ఆగింది. "అసిరయ్యగారు వచ్చేశారు కదండీ."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. మూడు కూడా కాలేదు. అప్పటికింకా చినుకు పడలేదు. ఇదిగో, వేలిముద్ర కూడా వేశారు. ఆ కిటికీ కింద పడుకున్నారు. నేనే దుప్పటి ఇచ్చాను." అంటూ తలెత్తి, బుల్లమ్మ వెనకున్న మనిషిని చూసింది. చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

పొట్లాల వరసలో సూర్యారావు ఉన్నాడు. వచ్చిన వెంటనే అతనూ కిటికీ కింద అసిరయ్యని చూశాడట. ఎలా వచ్చాడో ఏమిటో, వచ్చేశాడు కదా, మన పీడ విరగడైంది అనుకుని వరసలో నిలబడ్డాడట. ఇప్పుడు బుల్లమ్మ వైపు చూసి, ఆవిడ వెనక్కి చూసి, చేతిలో పొట్లం కింద పడేసుకున్నాడు. తియ్యడానికి వంగలేదు. బుజ్జమ్మ మనవరాలిని దగ్గరికి లాక్కుంది. టీవీని అక్కడే వదిలేసింది.

బుల్లమ్మ మణికట్టు వదలకుండా కిటికీ దాకా నడిచింది. జనం తప్పుకుని దారి ఇచ్చారు. గోడ వైపు తిరిగి, ముసుగు తన్ని, ఎవరో పడుకున్నారు. కాలితో దుప్పటి లాగింది.

అసిరయ్యే. అదే పక్కపన్ను, అదే కనుబొమ్మ మీద గాటు. కళ్లు తెరిచి, ఆవిడని చూసి, తిట్లకి సిద్ధపడ్డ మొహం పెట్టాడు.

"ఒసే, కోప్పడకు," అన్నాడు. "గాలి జాస్తీగా ఉన్నాదని సగం దారిలోంచి తిరిగొచ్చీసినాను. నెత్తళ్లు తేలేదు. ఇంటికొస్తే తిడతావని ఇటే ఒచ్చీసినాను."

అచ్చం అసిరయ్య చేసే పనే అది.

బుల్లమ్మ అప్పుడు వెనక్కి తిరిగి, తను పట్టుకొచ్చిన మనిషి మొహం వెలుతురులో మొదటిసారి చూసింది. అదే పక్కపన్ను. అదే గాటు. అతను ఆవిడని చూడడం లేదు. కిటికీలోంచి సముద్రం ఉన్న వైపు చూస్తున్నాడు. నెమ్మదిగా, ఇల్లు చేరిన మనిషిలా, గోడకి జారగిలపడి కూర్చున్నాడు.



బుల్లమ్మ ఇద్దరి మధ్యా చతికిలపడింది. ఎడం చేత్తో ఒకడి మణికట్టు, కుడి కాలి కింద ఇంకొకడి దుప్పటి అంచు.

"కుసుమకుమారీ, మూడు పొట్లాలు ఇయ్యి," అంది.

కుసుమకుమారి రిజిస్టరు పేజీ తిప్పింది. "రిజిస్టర్లో... మీ ఇంటికి రెండే కదండీ."

"మూడు రాసుకో. ఎవులు ఎవులో తెల్లారినాక నాను తేలుస్తాను. అందాకా ఈ ఇద్దర్లో ఎవుల్నీ ఎవులూ ఏటీ అడక్కండి." భవనమంతా ఒకసారి కలియజూసింది. సూర్యారావు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. "ముఖ్యంగా వంతున్నోల్లు."

పొట్లాలు వచ్చాయి. ఇద్దరికీ విప్పి పెట్టింది. ఇద్దరూ తిన్నారు. తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకోబోతూ కిందికి చూసింది.

వాన పడకముందే వచ్చి పడుకున్న మనిషి దుప్పటి కింద నుంచి నీళ్లు కారి, మడుగు కట్టి, జనం కాళ్ల వైపు మెల్లగా పాకుతున్నాయి. మైలు దూరం తుఫానులో నడిచొచ్చిన మనిషి చొక్కా పెళపెళలాడేంత పొడిగా ఉంది. భుజం మీద సన్నటి ఇసక పొర, ఏళ్ల తరబడి పేరుకున్నట్టు, చెదరకుండా ఉంది.

వీళ్లలో మొగుడెవరో, ఎనభై ఏళ్ల కాపలా దిగొచ్చిందెవరో బుల్లమ్మకి తేలలేదు. ఆ ముద్ద తినేసింది. చెయ్యీ వదల్లేదు, కాలూ తియ్యలేదు.